రికార్డు వెనుక చేయి

పాట వినగానే మనము పాడినవారి పేరడుగుదుము. కొంచెము శ్రద్ధ గలవారు వరుస కట్టినవారి పేరును అడుగుదురు. ఆ కంఠము మన చెవికింత దగ్గరగా వినబడవలెనని గాని, దాని వెనుక వయొలినులు అంత దూరమున మ్రోగవలెనని గాని నిర్ణయించినవాడెవడని అడిగినవారిని నేను చూచి యెరుగను. అడుగనివారిలో నేనును చిరకాలముంటిని. రాక్ సంగీతమన్న నాకు కళాశాలలో చదువుకొను దినములనుండి ప్రీతి. మా ఇంట ఒక గదిలో త్యాగరాజ కృతులు సాగుచుండగా ప్రక్కగదిలో తలుపు వేసికొని బీటిల్సు పాటలు వినినవాడను. నలుగురు యువకులు గిటారులు పట్టుకొని నిలువబడి పాడగా ఆ పాట దానంతట అదియే రికార్డు మీదికి ప్రాకునని నా విశ్వాసము.

ఆ విశ్వాసము ఒక్క సాయంకాలములో తొలగిపోయినది. 1970లో వెలువడిన 'లెట్ ఇట్ బీ' ఆల్బములో 'ది లాంగ్ అండ్ వైండింగ్ రోడ్' అను పాట కలదు. పాల్ మెకార్ట్నీ పాడినది. దానిని నేను నూరుసార్లకు తక్కువ కాకుండ వినియుందును. పెద్ద వాద్యబృందము, హార్పు తంత్రుల జలజల, వెనుక స్త్రీల బృందగానము, ఇవన్నియు ఆ పాటతో కూడ పుట్టినవనియే అనుకొంటిని. 1996లో ప్రకటింపబడిన 'ఆంథాలజీ' మూడవ సంపుటము చాల ఆలస్యముగా నా చేతికి వచ్చినది. అందులోను ఈ పాటయే యున్నది. పెట్టి వింటిని. కంఠమదియే. పియానో అదియే. పాడిన దినము కూడ అదియే, 1969 జనవరి 26. కాని వయొలినులు లేవు, హార్పు లేదు, ఆ స్త్రీల గానము లేదు. మొదటి రికార్డులో ఆ మనుష్యుడు వేయి దీపముల మండపములో పదిమంది చూచుచుండగా దుఃఖించినట్లుండెను. ఇందులో ప్రక్కగదిలో ఒంటిగా కూర్చుండి, ఎవరును వినుటలేదను ధైర్యముతో దుఃఖించుచున్నాడు. ఒకే మనుష్యుడు, ఒకే గొంతు, ఒకే దినము; రెండు పాటలు!

ఈ భేదమంతయు ఫిల్ స్పెక్టరను నొక్క ప్రొడ్యూసరు చేసినది. పాడిన పదునాలుగు మాసములకు, 1970 ఏప్రిల్ 1వ తేదీన, అతడు లండనులోని స్టూడియోకు వాద్యబృందమును, 14 మంది గాయనులను పిలిపించి ఆ పాట మీద వారి సంగీతమును పరపించెను. పాడినవానిని అడుగలేదు. మెకార్ట్నీ అది విని, వయొలినులను తగ్గింపుడని వ్రాసెను. తగ్గింపలేదు. తరువాత బీటిల్సు భాగస్వామ్యమును రద్దు చేయించుటకై అతడు న్యాయస్థానమునకు పోయినప్పుడు, తనకు జరిగిన అన్యాయములలో దీనిని కూడ ఒకటిగా చెప్పుకొనెను. విచిత్రమేమనగా, 1970 జూనులో అమెరికా దేశపు పట్టికలో ఆ పాట మొదటి స్థానమునందుండెను. జనులకు మండపమే నచ్చినది.

నేనీ సంగతి నా భార్యకు గొప్ప పరిశోధనవలె చెప్పితిని. ఆమె నవ్వి, "కూర బాగున్నదని అందరును అందురు. ఉప్పు చాలునని చేయి వెనుకకు తీసికొన్నదెవరని ఎవరైన అడుగుదురా?" అనెను. ఇంతకంటె పెద్ద మాట ఈ వ్యాసములో నేను చెప్పగలనని నాకు తోచుటలేదు. అయినను మొదలుపెట్టితిని గావున సాగింతును.

మన భాషలో ప్రొడ్యూసరునకు నిర్మాత యందుము. సినిమాలలో నిర్మాత యనగా ధనము పెట్టువాడు. రికార్డు ప్రొడ్యూసరు అట్టివాడు కాడు. సినిమా దర్శకునితో పోల్చిన కొంత సరిపోవును. ఏ పాట తీసికొనవలెను, ఎంత వేగముగ పాడవలెను, ఏ వాద్యముండవలెను, ఏది మానవలెను, పాడినవానిలో ఏది మంచిది, మరల పాడుమని చెప్పవలెనా, చాలునని చెప్పవలెనా, ఇవన్నియు అతని పని. మైక్రోఫోనులు నిలిపి టేపు నడపు ఇంజనీరు వేరొకడు. ఇందులో వ్రాయదగిన కళ యేమున్నదని సందేహించువారికి జార్జి మార్టిను కథ చెప్పవలెను.

మార్టిను 1926లో లండనులో పుట్టినవాడు. గిల్డ్‌హాల్ సంగీత పాఠశాలలో చదివి, ఓబో అను సుషిరవాద్యము నేర్చినవాడు. 1955లో, ముప్పది యేండ్లు నిండకమునుపే, పార్లొఫోను అను రికార్డు శాఖకు అధికారి యయ్యెను. అచ్చట అతడు పేరు తెచ్చుకొన్నది సంగీతముచేత గాదు, హాస్యముచేత. పీటర్ సెల్లర్సు మొదలగు హాస్యగాండ్ర రికార్డులు చేయుచు, లేని తలుపు తెరచినట్లు, లేని గుఱ్ఱము పరుగెత్తినట్లు టేపుతో చెవిని నమ్మించుట నేర్చెను. ఈ విద్య తరువాత ఎంత పనికివచ్చినదో చూడుడు. 1962లో వేరొక కంపెనీ త్రోసిపుచ్చిన బీటిల్సును అతడు చేరదీసెను. 'ప్లీజ్ ప్లీజ్ మీ' అను పాటను వారు మొదట నెమ్మదిగా, దీనముగా పాడగా, వేగము పెంచుడని చెప్పినవాడు మార్టినే. అదే పేరుగల ఆల్బమునకై 1963 ఫిబ్రవరి 11న ఒక్క దినములో పది పాటలు తీసిరి. అందులో ప్రొడ్యూసరు చేయి కానరాదు. జరిగినది జరిగినట్లు పట్టుకొనుటయే అతని పని. నాలుగేండ్లకు 'సార్జెంట్ పెప్పర్' ఆల్బమునకు దాదాపు ఐదు నెలలు పట్టెను. ఆ నడిమి నాలుగేండ్లలోనే రికార్డు యనునది కచేరీ యొక్క ఛాయ కాక తనంత తానొక వస్తువయ్యెను.

1965లో 'యెస్టర్డే' పాటకు నాలుగు తంత్రీవాద్యములు చేర్తునని మార్టిను చెప్పగా మెకార్ట్నీ మొదట ఒప్పుకొనలేదు. విందుశాలలలో వినబడు మెత్తని సంగీతమువలె అగునని భయపడెను. చివరకు, స్వరమును వణకింపక నిలకడగా వాయించినచో సరేయనెను. మార్టిను వాయించువారిచే అట్లే వాయింపజేసెను. ఆ పాటకు చప్పదనము రాకపోవుటకు ఈ నిలకడ కారణమని నా తలంపు. చదువుకొన్న పెద్దవాడొకడు, సంగీతమును కాగితముపై చదువనేరని యువకుడొకడు, ఒకరి మాటకొకరు లోబడిన ఘట్టమిది. స్పెక్టరు ఇదే మెకార్ట్నీ పాటకు వయొలినులు చేర్చిన విధమును దీని ప్రక్కన నిలిపి చూచిన, వయొలినులలో దోషము లేదనియు, అడుగుటలోను అడుగకపోవుటలోనే యున్నదనియు తెలియును.

అన్నిటికంటె నాకాశ్చర్యము గొలుపునది 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్'. 1966 చివర తీసిన పాట. జాన్ లెనన్ దీనిని రెండు విధములుగ పాడెను. ఒకటి మెల్లనిది, తేలికయైనది. రెండవది వేగమైనది, కొమ్ముబూరలును సెల్లోలును గలది. మొదటిదాని ఆరంభము బాగున్నది, రెండవదాని ముగింపు బాగున్నది, రెంటిని కలుపుమని లెనన్ కోరెను. శ్రుతి వేరు, వేగము వేరు, ఎట్లు కలియునని మార్టిను అడుగగా, నీవు చేయగలవని చెప్పి వెడలిపోయెనట. టేపు వేగము తగ్గించిన శ్రుతియు దానితోకూడ దిగును. అదృష్టవశమున రెండింటిలో వేగమైనదే పైశ్రుతిలో నుండెను. దాని వేగము తగ్గింపగా శ్రుతి దిగి మొదటిదానితో సరిపోయెను. టేపును కత్తిరించి అతికిరి. పాట మొదలైన సుమారు ఒక నిమిషమునకు ఆ అతుకున్నది. అచ్చటినుండి లెనన్ గొంతు మత్తుగా, నీళ్లలోనుండి వచ్చినట్లు మారును. ఆ మార్పు పాటకు లోపము కాలేదు సరిగదా, ప్రాణమైనది. నేనీ అతుకును కనిపెట్టుటకు ఎన్ని రాత్రులు కూర్చుంటినో! తెలిసిన తరువాత వినకుండుట అసాధ్యము. కొన్నిసారులు, తెలియకున్న బాగుండెడిదని కూడ తోచును.

ఆ కత్తెర పట్టిన చేతులలో జెఫ్ ఎమెరిక్ అను ఇంజనీరు చేయి యొకటి. అప్పటికతనికి ఇరువది యొకటవ యేడు. 'ఎలినర్ రిగ్బీ' పాటకు వాయించిన ఎనిమిది మంది తంత్రీవాదకుల ముక్కుల యెదుటికి మైక్రోఫోనులు తెచ్చిపెట్టినది అతడే. ఆ మర్యాదస్థులకది నచ్చక కుర్చీలు వెనుకకు జరుపుకొనుచుండిరని అతడే తన జ్ఞాపకములలో వ్రాసినాడు. విల్లు తీగను గీకు చప్పుడు ఆ పాటలో మనకు కత్తివలె తగులుటకు కారణమిదియే. మార్టిను వెనుక ఎమెరిక్కు. పేరు దాగిన చేయి కొఱకు వెదకినకొలది దాని వెనుక మరియొక చేయి దొరకును.

ఆ మార్టినునకు దక్కినదేమి? 1963లో అతడు తీసిన రికార్డులు ఇంగ్లండు పట్టికలో 37 వారములు మొదటి స్థానముననుండెను. అతడు నెలజీతగాడు. అమ్మకములో వాటా లేదు. 1965లో ఆ ఉద్యోగము విడిచి, స్నేహితులతో కలసి ఎయిర్ అను స్వంత సంస్థ స్థాపించుకొనెను. కంపెనీవారి కొఱకు బంగారము పండించి జీతము కొఱకు వేచియుండుట అతనికి అవమానముగ తోచుట సహజమే.

కాని ఇదే మార్టిను పాలుగొన్న పనిలో ఇంతకంటె పెద్ద అన్యాయమొకటి జరిగినది. అది మన వారికి సంబంధించినది. 'సార్జెంట్ పెప్పర్' ఆల్బములో జార్జి హారిసన్ రచించిన 'వితిన్ యూ వితౌట్ యూ' కలదు. 1967 మార్చిలో, లండనులోని ఆసియా సంగీత సంఘమునకు చేరిన భారతీయులు దానికి దిల్రుబా, తబలా, తంబురా వాయించిరి. ఏప్రిలులో మార్టిను ఎనిమిది వయొలినులను, మూడు సెల్లోలను దానికి చేర్చెను. దిల్రుబా స్వరమునుండి స్వరమునకు జారును. మెట్లు మెట్లుగ స్వరములు వ్రాసికొను పాశ్చాత్యులకు ఆ జారు కష్టము. అది వారి చేతికి వచ్చునట్లు మార్టిను స్వరములు వ్రాసి, ఓర్పుతో వాయింపజేసెను. ఆ పాటలో దిల్రుబా యెచ్చట ముగిసినదో, వయొలిను యెచ్చట మొదలైనదో తెలియని తావులున్నవి. గమకమునకు అలవాటుపడిన మన చెవికి అతని శ్రమ యెంతటిదో వెంటనే బోధపడును. అంతయు సరియే. ఆ ఆల్బము అట్టమీద, జగత్ప్రసిద్ధులైన అనేకుల బొమ్మల నడుమ గాని వెనుక గాని, ఆ భారతీయ వాదకుల పేరు ఒక్కటియు లేదు. వారి పేర్లు లోకమునకు తెలియుటకు దశాబ్దములు పట్టెను. అంతకు ముందటి సంవత్సరపు 'రివాల్వర్' ఆల్బము మీద తబలా వాయించిన అనిల్ భగవత్ పేరు ముద్రించియుండిరి గావున, ముద్రింపవచ్చునని వారికి తెలియకపోలేదు.

స్పెక్టరు కథకు మరల రావలెను. రావలెనని లేదు గాని, మా అమ్మాయి నన్ను విడువలేదు.

1960 తరువాతి సంవత్సరములలో స్పెక్టరు లాస్ ఏంజిలిసు నగరమున గోల్డ్ స్టార్ అను స్టూడియోలో చేసిన పనిని 'ధ్వనికుడ్య'మందురు. ఇరుకైన గదిలో పెక్కుమంది వాదకులను కూర్చుండబెట్టి, రెండు మూడు పియానోలు, అన్ని గిటారులు ఒకే స్వరమును కలసి వాయించునట్లు చేసి, ఆ ధ్వనిని ప్రతిధ్వని నిచ్చు వేరొక గదిలోనికి పంపి, మరల పట్టి కలిపెను. ఏ వాద్యమేదియో విడదీయలేము. గోడలో ఇటుకలవలె అన్నియు నొకటి. 1963లో 'బీ మై బేబీ' ఇట్లు తీసినది. రోనెట్సు అను ముగ్గురు యువతుల బృందములో వెరోనికా అను ఆమె పాడినది. మొదటి డోలు దెబ్బ వినగానే ఈనాటికిని నాకు ఒడలు పులకించును.

మా అమ్మాయి న్యాయశాస్త్రము చదివినది. నేనీ పాట పెట్టియుండగా వచ్చి, "నాన్నగారూ, ఈ గోడ కట్టినవాడెవడో మీకు తెలియునా?" అనెను. తెలియును. 1968లో స్పెక్టరు ఆ వెరోనికాను పెండ్లాడెను. ఇల్లు దాటనీయక బంధించియుంచెననియు, 1972లో కాళ్లకు చెప్పులైన లేక పారిపోయితిననియు ఆమె తన స్వీయచరిత్రలో వ్రాసికొనినది. ఆ ముగ్గురు యువతులకు 1963 నాటి ఒప్పందము మీద ముట్టినది అందరికి కలిపి సుమారు 15,000 డాలర్లు మాత్రమే. వారు వ్యాజ్యము వేయగా 2002లో న్యూయార్కు రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము, ఒప్పందములో నిషేధము లేదు గావున ఆ పాటలను సినిమాలకు, ప్రకటనలకు ఇచ్చుకొను హక్కు స్పెక్టరుదేయని తీర్పు చెప్పినది. 2003 ఫిబ్రవరిలో అతని ఇంట లానా క్లార్క్‌సన్ అను నటి తుపాకి దెబ్బకు చనిపోయినది. 2009లో అతడు హంతకుడని జ్యూరీ నిర్ణయించినది. 2021 జనవరిలో ఖైదీగనే మరణించెను.

"ఇంకను వినుచున్నారా?" అని మా అమ్మాయి అడిగినది. నాకు వెంటనే జవాబు తోచలేదు. చేసినవాడు చెడ్డవాడైన చేసిన వస్తువు చెడునా యను పాత తర్కమును ఆమె యెదుట విప్పుటకు సిగ్గుపడితిని. ఆ తర్కము మగవారికి సులభము. ఆ గోడ లోపల చిక్కినది మనము కాము. కొన్ని నెలలు ఆ పాట పెట్టలేదు. ఒకనాడు మా అమ్మాయియే పెట్టినది. "ఆయన కొఱకు కాదు. ఆమె గొంతు ఆ గోడకు లొంగలేదు, వినండి," అనెను. నిజమే. అంత ధ్వనిలోను ఆమె కంఠము ఒక్క అంగుళము వెనుకకు పోలేదు. ఇన్నేండ్లు నేను గోడను విని మురిసితిని. ఆమె గొంతును వినుట మా అమ్మాయి నేర్పినది.

స్పెక్టరునకు సరిగా ఎదుటి కొననున్నవాడు స్టీవ్ ఆల్బినీ. ప్రొడ్యూసరను పేరునే అతడు సహింపలేదు. 'రికార్డు చేసినవాడు' అని వేయుడు, లేకున్న మానుడు అనెడివాడు. 1992లో నిర్వాణ బృందమునకు వ్రాసిన లేఖలో, అమ్మకములో వాటా తీసికొనుట తనకు నీతి కాదనియు, కొళాయిలు బాగుచేయువానికి ఇచ్చినట్లు పనికి తగిన కూలి యిచ్చిన చాలుననియు తెలిపెను. 1993 ఫిబ్రవరిలో, మిన్నెసోటా రాష్ట్రమున, వారి 'ఇన్ యూటెరో' ఆల్బమును సుమారు రెండు వారములలో ముగించి, నిర్ణీతమైన 1,00,000 డాలర్లు పుచ్చుకొనెను. వాటా తీసికొనియుండిన దానికి ఎన్ని రెట్లు వచ్చియుండెడివో! ఆ యేడే అతడు సంగీత వ్యాపారమును గూర్చి ఒక వ్యాసము వ్రాసి, ఊహించిన బృందమొకదాని జమాఖర్చులు వేసి చూపెను. రెండున్నర లక్షల ప్రతులు అమ్ముడుపోయిన పిదప ప్రొడ్యూసరునకు 90,000 డాలర్లు, బృందములో ఒక్కొక్కనికి 4,031 డాలర్ల 25 సెంట్లు. ఆ పాతిక సెంట్లు కూడ వదలకుండ వేసిన లెక్కలోని కోపమును గమనింపుడు.

ఇంతటి నిస్స్వార్థుని నేను పూజింపవలసినవాడనే. పూజించుచునే ఒక సందేహము చెప్పుదును. నేనేమియు చేయను, జరిగినది పట్టుకొందును, అని అతని వాదము. కాని అతడు తీసిన రికార్డులో డోలు మ్రోతను నేను కన్నులు మూసికొని గుర్తింపగలను. గది యంతయు ఆ మ్రోతలో వినబడును. గోడల దూరము, నేల గట్టితనము చెవికి తెలియును. మైక్రోఫోనును డోలుకెదురుగ పెట్టుటయా, దూరముగ నేలమీద పెట్టుటయా యని నిర్ణయించుటయు చేయి పెట్టుటయే గదా! ఆ ఆల్బము కంపెనీవారికి నచ్చక గొడవ జరిగి, రెండు పాటలను స్కాట్ లిట్ అను వేరొకనిచే మరల కలిపించిరి. ఆ రెండును తక్కిన పాటలతో పోల్చి వినిన, ఏమియు చేయనని చెప్పిన ఆల్బినీ ఎంత చేసెనో తెలియును. అతడు 2024 మే నెలలో, 61వ యేట, హఠాత్తుగ చనిపోయెను.

నాకు మిక్కిలి ప్రీతియైన యుపాయమొకటి చెప్పక విడువలేను. 1977లో బెర్లిను నగరమున, నడిమి గోడకు సమీపముననే యున్న హాన్సా స్టూడియోలో, డేవిడ్ బోవీ 'హీరోస్' అను పాట పాడెను. ప్రొడ్యూసరు టోనీ విస్కాంటీ ఆ విశాలమైన హాలులో మూడు మైక్రోఫోనులు నిలిపెను. ఒకటి గాయకుని నోటి చేరువను, ఒకటి 20 అడుగుల దూరమున, ఒకటి 50 అడుగుల దూరమున. దూరపు రెండును మామూలుగ మూతబడియుండును. గొంతు ఒక మేరకు హెచ్చినప్పుడే తెరచుకొనును. కాబట్టి మెల్లగ పాడునపుడు బోవీ మన ప్రక్కనే యుండును. కేకవేయునపుడు హాలంతయు అతనితోకూడ కేకవేయును. దూరపు తలుపు తెరిపించుటకు అతడు అరువవలసివచ్చెను. ఆ అరుపులోని నిస్పృహ నటన కాదు, శ్రమ. ఇదంతయు బ్రయన్ ఈనో చేసినదని పెక్కురు చెప్పుదురు. ఈనో ఆ ఆల్బములో వాయించెను, పాట కట్టుటలో తోడ్పడెను. ప్రొడ్యూసరు మాత్రము బోవీతోకూడ విస్కాంటీయే. పేరు పోగొట్టుకొనుట పేరులేనివారికే కాదు, పేరున్నవారికిని కలుగును.

మొన్న ఆదివారము మా అమ్మాయి వచ్చినపుడు 'సార్జెంట్ పెప్పర్' రికార్డు బయటికి తీసితిమి. అట్ట అంచులు చినిగి, మూలలు మెత్తబడియున్నవి. వెనుక అట్టమీద ఎఱ్ఱని నేలపై పాటల మాటలన్నియు అచ్చువేసియున్నవి. లోపల తొడుగుగా నున్న తెల్లకాగితము మీద మా అమ్మాయి పెన్సిలుతో నాలుగు పేర్లు వ్రాసినది: అన్నా జోషి, అమృత్ గజ్జర్, దిల్రుబా, బుద్ధదేవ్ కన్సారా, తంబురా, నట్వర్ సోనీ, తబలా. వ్రాసి, రికార్డును రెండవ ప్రక్కకు త్రిప్పి, ముల్లును మొదటి పాట మీద దించినది. నా భార్య వంటయింటిలోనుండి, "తలుపు వేయకుడు, నాకును వినబడనిండు," అనెను.